పక్షవాతమును నవ్వును

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు చెప్పిరి. నవ్వు సకలరోగములకును మందని నేటివారు చాటుచున్నారు. ఈ రెండు మాటలను విచారింపక నమ్ముటచేత నలుగుచున్నవాడు పక్షవాతము తగిలి మంచమెక్కినవాడు. ఒక యింట వాని గదిలో నెవ్వరును నవ్వరాదు. మఱొక యింట వాడు నవ్వక తీరదు. రెండును రోగికి చేయు నపచారములే యని మేము తలంచుచున్నాము.

మొట్టమొదట నొక సంగతి స్పష్టముగా చెప్పవలెను. నవ్వు పక్షవాతమునకు మందు కాదు. మెదడునకు పోవు రక్తనాళము గడ్డచేత మూసికొనిపోయినను, చిట్లినను ఈ వ్యాధి కలుగును. గడ్డచేత కలిగినదైనచో దానిని కరిగించు మందును, తగిన రోగులకు, సాధారణముగా 4.5 గంటలలోపల నెక్కింపవలెను. పెద్ద నాళము మూసికొనిన కొందఱికి గడ్డను గొట్టముద్వారా బయటికి లాగు చికిత్సను 24 గంటలవఱకును చేయవచ్చును. అట్టి నాళము మూసికొనినపుడు చికిత్స లేక గడచు ప్రతి నిమిషమునను సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో లెక్కగట్టిరి. మూతి వంకరవోయి, మాట తడబడి, చేయి వ్రాలిన మనుష్యుని చూచి వేళాకోళము చేయుచున్నాడని నవ్వువారును, పావురపు నెత్తురు పూయువారును, పసరుమందుకై పరుగెత్తువారును ఆ నిమిషములనే దొంగిలించుచున్నారు.

గచ్చిబౌలివంటి చోట నిట్టి యజ్ఞానమునకు తావులేదని కొందఱందురు. 1998లో పొరుగుననున్న మాధాపురమందు సైబర్ టవర్సు వెలసిన పిదప ఈ ప్రాంతమంతయు మేడలమయమైనది. పెద్ద వైద్యశాలలు దగ్గఱనే యున్నవి. నిజమే. కాని వైద్యశాలనుండి యింటికి వచ్చిన రోగి గతి యేమి? పల్లెలో నరుగుమీద కూర్చున్నచో దారినపోవువారు పలుకరించియుందురు. ఇచ్చట పదునాలుగవ యంతస్తున, మూసిన తలుపుల వెనుక, కొడుకు చెవులకు యంత్రము తగిలించుకొని రాత్రియంతయు అమెరికావారితో మాటలాడుచుండును. కోడలు మఱొక గదిలో కంప్యూటరు ముందు కూర్చుండును. జీతమునకు వచ్చిన పరిచారకుడు ఫోనులో బొమ్మలు చూచి తనలో తాను నవ్వుకొనుచుండును. రోగితో మాత్ర మెవ్వరును నవ్వరు.

ఈ లోటును కనిపెట్టి కొందఱు నవ్వును సరకుగా నమ్మజూపుచున్నారు. 1995లో బొంబాయి వైద్యుడు మదన్ కటారియా ఒక తోటలో నలుగురైదుగురతో నారంభించిన నవ్వుల కూటము నేడు దేశదేశముల వ్యాపించినది. ఉదయమున పదిమంది తోటలో చేరి నవ్వుటను మేము తప్పుపట్టము. అయితే దానినే మందని చెప్పి, అంగసాధనమును, రక్తపుపోటు మాత్రలను మానిపించువారిని తప్పక నిందింతుము. వీరు నార్మన్ కజిన్స్ అను అమెరికా సంపాదకుని పేరు చెప్పుదురు. ఆయన 1976లో వైద్యపత్రికలో తన కథ వ్రాసిన మాట సత్యము. పది నిమిషముల నవ్వు తనకు రెండుగంటల నొప్పిలేని నిద్ర నిచ్చెననియు చెప్పెను. కాని ఆయనకు వచ్చినది కీళ్లవ్యాధి, పక్షవాతము కాదు. ఒక రోగమునకు చెప్పిన సాక్ష్యమును వేఱొక రోగమునకు చెల్లించుట యే న్యాయము?

నవ్వుమని యాజ్ఞాపించుట యెంత వ్యర్థమో రోగి ముఖమే చెప్పును. "పండ్లు కనబడునట్లు నవ్వు"మని వైద్యుడడిగినపుడు మూతి యొకవైపు కదలని రోగులలో కొందఱు, మనుమడు చేసిన యల్లరికి నిజముగా నవ్వువచ్చినపుడు, ఆ పెదవినే పైకెత్తుదురు. ఇచ్ఛచే నవ్వు త్రోవయు, ఉల్లాసముచే నవ్వు త్రోవయు మెదడులో వేర్వేఱు. కావున బలాత్కారముగా రాని నవ్వు స్నేహముచే రావచ్చును.

మఱియొక సంగతి. పక్షవాతము పిమ్మట కొందఱికి కారణము లేకయే నవ్వుగాని యేడ్పుగాని ముంచుకొని వచ్చును. చావుకబురు విని నవ్వువారును గలరు. 1924లోనే విల్సను అను ఆంగ్లవైద్యుడు దీనినిగూర్చి విపులముగా వ్రాసెను. ఇది పిచ్చి కాదు, గాలి సోకుట కాదు, పెద్దలయెడ ధిక్కారము కాదు. మెదడు పట్టు సడలుట. దీనికి మందులు గలవు. ఇట్టివానిని చూచి వెక్కిరించుటయు, దిష్టి తీయుటయు సిగ్గుచేటు.

ఇక నవ్వును నిషేధించు నిండ్ల మాట. పక్షవాతరోగులలో సుమారు మువ్వురిలో నొకనికి మనోవ్యాకులత పట్టుకొనును. కోలుకొనుటయన నడకను, మాటను, చేతిపనిని దినమునకు పలుమాఱులు తిరిగి నేర్చుకొనుట. మనస్సు చచ్చినవాడు దానికి పూనుకొనడు. నవ్వు చేయు మేలిచ్చటనే యున్నది: అది నరమును బాగుచేయకున్నను, మనిషిని సాధనమునకు లేపును.

అయినను, మగడు మంచముననుండగా భార్య నవ్వినదా, ఇరుగుపొరుగులు చెవులు కొఱుకుకొందురు. అతనిని లేపి, కడిగి, తినిపించి, రాత్రింబవళ్లు కాచునది ఆమెయే. ఆమె నడుము విఱిగినను నెవ్వరును పలుకరింపరుగాని, పెదవి విచ్చిన మాత్రమున తప్పెంచుదురు. బ్రదికియున్న మగనికొఱకు ఆమె శోకము పాటింపవలెనా?

రోగిని చూచి నవ్వుట వేఱు, రోగితో నవ్వుట వేఱు. మొదటిది క్రౌర్యము, రెండవది చికిత్సకు తోడు. కుటుంబీకులారా! వైద్యుడు చెప్పిన మందులను, సాధనమును మానకుడు. ముద్ద నోటనుండగా రోగిని నవ్వింపకుడు. మ్రింగుట కుదరనివానికి పొలమాఱి యన్నము ఊపిరితిత్తులకు పోవును. తక్కిన వేళ దినమున కొక యరగంట ఫోను పక్కనబెట్టి వాని చెంత కూర్చుండుడు. పాత ముచ్చట లెత్తుడు. మాట రానివాడైనను అర్థము కానివాడని యెంచకుడు. వాడు హాస్యమాడ యత్నించినచో, ఆ మాట పూర్తియగువఱకు ఓపికతో వేచియుండుడు. వాని చేతిలోని కఱ్ఱకంటె నీ యోపిక తక్కువ యూత కాదు.