గృహమున క్రిస్మస్ వృక్షము: ఆదరణమా, అనుకరణమా?

శ్రీ గురుభ్యో నమః.



ధనుర్మాసము వచ్చినదనగా మా ఉయ్యూరులో ఆలయమునకు వచ్చు గృహస్థులు కొందరు తీర్థము పుచ్చుకొని, నలుగురూ వెళ్ళిన పిమ్మట మెల్లగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. "స్వామీ, పిల్లలు ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టమని పట్టుబడుతున్నారు. పూజగదిలో కాదు, హాల్లోనే. పెడితే దోషమా?" అడుగువారు నాస్తికులు కారు. నిత్యము దీపము వెలిగించువారే, కార్తికమున ఉపవాసము ఉండువారే. కనుక ఈ ప్రశ్నను పరిహసించి త్రోసివేయుట తగదు. నా సమాధానమును ముందే చెప్పుచున్నాను: సంప్రదాయ గృహమున ఆ చెట్టును నిలుపరాదు. ఏ హేతువు చేత నిలుపరాదో, ఏ హేతువులను చెప్పి నిషేధింపరాదో వివరించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ద్వేషము హేతువు కాదు

మన విజయవాడలో ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ కొలువై ఉన్నది. అదే నగరమున గుణదల కొండపై 1924లో మేరీమాత విగ్రహము ప్రతిష్ఠింపబడినది. ప్రతి ఫిబ్రవరిలో అచ్చట తిరునాళ్ళు జరుగును. ఇరుగుపొరుగుల మధ్య దీనివలన ఏ వైరమూ పుట్టలేదు, పుట్టవలసిన పనియూ లేదు. ఎవడు ఏ మూర్తిని శ్రద్ధతో అర్చింపగోరునో వాని శ్రద్ధను ఆ మూర్తియందే అచంచలము చేయుదునని భగవానుడు గీత సప్తమాధ్యాయమున సెలవిచ్చినాడు. పరుల శ్రద్ధను నిందించువాడు ఆ మాటనే కాదన్నవాడగును. పొరుగింటి క్రైస్తవుడు తన యింట నక్షత్రదీపము వ్రేలాడదీసినచో దానిని చూచి సంతోషింపుడు. ఆ యింటికి వెళ్ళి శుభాకాంక్షలు చెప్పుడు. ఇందు ఏ దోషమూ లేదు.

అయితే ఆదరణము వేరు, అనుకరణము వేరు. పొరుగువాని తండ్రిని గౌరవింపవలెను. కాని ఆయన పటమునకు మన యింట దండ వేసి "అలంకారమునకు బాగున్నది" అందుమా? అట్లు చేసిన పొరుగువాడు సంతోషింపడు, మన పితృదేవతలును సంతోషింపరు.

"కేవలము అలంకారమే గదా" అను వాదము

ఈ వాదము మిక్కిలి ప్రచారములో ఉన్నది. విచారించి చూతము. జర్మను దేశమున మధ్యయుగములో డిసెంబరు 24న ఆదాము, హవ్వల కథను నాటకముగా ప్రదర్శించువారు. అందు స్వర్గవనమునకు చిహ్నముగా సతతహరితమైన ఫర్ వృక్షమును నిలిపి, దానికి ఆపిలు పండ్లు కట్టెడివారు. నేడు బీసెంట్ రోడ్డు అంగళ్ళలో అమ్ముచున్న ఎఱ్ఱని మెఱుపు గోళములకు మూలము ఆ పండ్లే. శిఖరమున నిలుపు నక్షత్రము బేత్లెహేమునకు దారి చూపినదని వారు విశ్వసించు నక్షత్రము. 1848లో విక్టోరియా రాణి తన కుటుంబముతో అట్టి చెట్టు చుట్టును నిలిచియున్న చిత్రమును ఇంగ్లండులో ఒక సచిత్ర పత్రిక ప్రకటించినది. ఆ పిమ్మట ఆంగ్లేయుల యిండ్లలో ఈ ఆచారము మిక్కిలి వ్యాపించినది. రోమునగరమున పోపుగారి దేవాలయము ఎదుటి చత్వరములో 1982 నుండియే ఈ చెట్టును నిలుపుచున్నారు.

అనగా ఆ చెట్టు అర్థరహితమైన బొమ్మ కాదు. వారి గ్రంథమున చెప్పబడిన పతనము, రక్షణము అను రెండు భావములు అందు కలవు. అర్థము తెలిసి నిలిపినచో, మనము విశ్వసింపని దానిని విశ్వసించినట్లు నటించినవారమగుదుము. అర్థము తెలియక నిలిపినచో, ఇతరులకు పవిత్రమైన దానిని ఆటవస్తువు చేసినవారమగుదుము. మొదటిది మన ధర్మమునకు అపచారము, రెండవది వారి ధర్మమునకు అపచారము. "కేవలము అలంకారమే" అను మాట ఈ రెంటిలో దేనినీ తొలగింపజాలదు.

"శాస్త్రమున నిషేధము ఎక్కడ ఉన్నది?"

కొందరు విద్యావంతులు ఇట్లు ఎదురు ప్రశ్న వేయుదురు. నిజమే, ఏ సూత్రకారుడును ఫర్ వృక్షమును పేర్కొని నిషేధింపలేదు. కాని గొబ్బెమ్మను పెట్టుమని ఏ సూత్రకారుడు విధించినాడు? సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చుమని ఏ శ్రుతి చెప్పినది? యాజుషులకు ప్రమాణమైన ఆపస్తంబ ధర్మసూత్రము, మిగిలిన ధర్మములను స్త్రీల వలనను, సర్వవర్ణముల వారి వలనను తెలిసికొనవలెనని కొందరి మతమును చెప్పి ముగియుచున్నది. ఇంటి గడపకు పసుపు, ద్వారమునకు తోరణము, వాకిట ముగ్గు అన్నియు ఈ కోవలోనివే. వీనికి గ్రంథము అమ్మమ్మ చేయి. ఆ చేతి నుండి మనుమరాలి చేతికి అందుటయే వీనికి ప్రామాణ్యము. మధ్యలో ఒక తరము ఆ చేయి వదలినచో తిరిగి చూచుకొనుటకు పుస్తకము లేదు. అందుచేతనే ఇంటి అలంకారము చిన్న విషయము కాదు. వేదమును రక్షించుటకు పాఠశాలలు ఉన్నవి. గొబ్బెమ్మను రక్షించుటకు ఇల్లు తప్ప వేరొక స్థానము లేదు.

"వృక్షపూజ మనదే గదా" అను వాదము

వృక్షములలో అశ్వత్థమును నేనని చెప్పిన స్వామి మనవాడు. విజయదశమి నాడు జమ్మిని, కార్తికమున ఉసిరికను, నిత్యము తులసిని అర్చించుచున్నాము. క్షీరాబ్ధి ద్వాదశి నాడు తులసికోట ప్రక్కన ఉసిరికొమ్మను నిలుపుచున్నాము. ఈ చెట్లన్నియు ఈ నేలలో వేరూనినవి, మన వైద్యమున, వంటలో, నీడలో భాగమైనవి. వనభోజనమునకు మనమే ఉసిరిచెట్టు కడకు పోవుదుము.

ఉత్తరదేశములలో శీతకాలమున చెట్లు మోడులై, భూమి మంచుతో కప్పబడియుండగా, ఆకు రాల్చని ఒక్క చెట్టు అచ్చటివారికి ఆశాచిహ్నమైనది. ఆ భావము గౌరవనీయమే. కాని కృష్ణా డెల్టాలో డిసెంబరు మాసమున ఆశ కొరకు ప్లాస్టిక్ ఆకును చూడవలసిన దుస్థితి ఎవరికి వచ్చినది? వరి కోయుటకు ముందే చేనిలో మినుములు చల్లుదురు. కుప్ప వేసిన కొలది దినములకే ఆ మడి మరల పచ్చబడును. ఒక ప్రక్క చెఱకు, మఱియొక ప్రక్క అరటి, కంద. ప్రకృతియే పచ్చతోరణము కట్టిన ప్రదేశమున, పెట్టెలో మడచి వచ్చిన చెట్టును విప్పి నిలుపుట వృక్షపూజ కాజాలదు.

బలమైన ఆక్షేపము ఒకటి

"క్రైస్తవులు మన రాగములలో కీర్తనలు పాడుకొనుచున్నారు. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ దేవాలయమును మన ఆలయశిల్పరీతిని కలిపి కట్టుకొన్నారు. వారు మనవి తీసికొనగా లేనిది, మనము వారి చెట్టును తీసికొన్న తప్పా?" ఈ ఆక్షేపమునకు తప్పక సమాధానము చెప్పవలెను.

వారు రాగమును తీసికొని ఏమి చేసినారు? తమ ప్రభువును స్తుతించినారు. స్తంభమును తీసికొని తమ ఉపాసనాస్థలమును నిలిపినారు. వారి సంకల్పము చెదరలేదు. పరరూపము వారి సంకల్పమునకు దాస్యము చేసినది. దానిని స్వీకరణము అందురు. మనము చెట్టును తీసికొని ఎవరికి అర్పించుచున్నాము? ఏ సంకల్పము చెప్పుచున్నాము? ఎవరికిని కాదు, ఏదియు లేదు. ఛాయాచిత్రము తీసి పదిమందికి పంపుట కొరకే. సంకల్పము లేని స్వీకరణమే అనుకరణము. క్రైస్తవ సోదరులను చూచి మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు; అది చెట్టు కాదు, తమ ఇష్టదైవమునందు వారికి గల నిష్ఠ.

ఆ చెట్టుకే నెమలిపింఛమును, మురళిని వ్రేలాడదీసి "ఇది కృష్ణవృక్షము" అనువారును కలరు. స్వామికి సమర్పింపవలెనను కోరిక నిజమైనచో, దానికి డిసెంబరు 25, ఆ ఆకారము, ఆ శిఖరము ఏల కావలెను?

మనవారి అసత్యములను గూర్చి

మన పక్షమున జరుగుచున్న అధర్మమును గూర్చియు చెప్పక తప్పదు. క్రిస్మస్ అనగా "కృష్ణమాసము" అని చరవాణి సందేశములు తిరుగుచున్నవి. ఇది అసత్యము. ఆ పదమునకు క్రీస్తు పేర జరుగు "మాస్" అను ఆరాధన అని అర్థము. అసత్యముతో ధర్మమును నిలుపబూనుట ఇసుకపై ధ్వజస్తంభమును నాటుట వంటిది.

అట్లే ఇటీవల కొందరు డిసెంబరు 25ను తులసీపూజా దినముగా ప్రకటించుచున్నారు. తులసిని పూజింపని దినము గృహస్థునకు ఉన్నదా? నిత్యార్చనను ఇతరుల పండుగకు పోటీగా నిలిపినచో, మన పంచాంగమును మనమే వారి పంచాంగమునకు అనుబంధము చేసినవారమగుదుము. అనుకరణమునకు విరుగుడు ప్రత్యనుకరణము కాదు.

2017 డిసెంబరులో మన రాష్ట్ర దేవాదాయ శాఖకు చెందిన హిందూ ధర్మ పరిరక్షణ ట్రస్టు, జనవరి 1న ఆలయములలో ప్రత్యేక పుష్పాలంకారములు చేయవలదని, ఉగాదియే మన సంవత్సరాది అని ఉత్తరువు పంపినది. ఆలయమునకు ఉత్తరువు పంపువారు ఉన్నారు. మీ యింటికి ఎవరు పంపుదురు? గృహమునకు యజమానుడు, యజమానురాలు తామే ధర్మకర్తలు.

అసలు శూన్యము ఎక్కడ ఉన్నది?

పిల్లవాడు చెట్టు అడుగుచున్నాడనగా మతము మారుచున్నాడని భయపడనక్కరలేదు. వాడు వెలుగు అడుగుచున్నాడు, తన చేతికి పని అడుగుచున్నాడు, ఇల్లంతయు కలిసి చేయు ఒక ఉత్సవమును అడుగుచున్నాడు. ఆ కోరిక సాత్వికమైనది. దానిని తీర్చునది మన యింట లేకపోవుటయే అసలు వ్యాధి. చెట్టు దాని లక్షణము మాత్రమే.

ఎంత విచిత్రము! డిసెంబరు 25 ఏ సంవత్సరమైనను ధనుర్మాసములోనే పడును. మాసములలో నేను మార్గశీర్షమునని స్వామి చెప్పినాడు. గీతాజయంతియు ఆ మాసముననే. ఇంత సంపద ఉన్న నెలలో మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? నెలగంట ముగ్గు లేదు, వాకిలి లేదని. హరిదాసు రాడు, కావలివాడు లోనికి పంపడని. తెల్లవారుజామున తిరుప్పావై ఆలయపు మైకులో వినబడును, కిటికీ మూయబడును.

ధనుర్మాసము డిసెంబరు 16న గాని 17న గాని ఆరంభమగును. కనుక తిరుప్పావైలోని తొమ్మిదవ పాశురము క్రిస్మస్ ముందు దినమున గాని, ఆ దినముననే గాని వచ్చును. అందు గోదాదేవి ఒక మణిమయమైన మేడను వర్ణించినది. చుట్టును దీపములు, ధూపపరిమళము, మెత్తని శయ్య. లోపలి పిల్ల మాత్రము నిద్రలేవదు. తోడివారు ద్వారము కడ నిలిచి పిలుచుచున్నారు. దీపములకు కొదువ లేదు, మేలుకొనుటకే కొదువ. నేటి మన గృహములకు ఇంతకంటె సమీపమైన వర్ణనము నాకు కనబడలేదు.

కర్తవ్యము

నిషేధించి ఊరకుండుట ధర్మోపదేశము కాదు. పిల్లవాని చేతిలోని దానిని లాగికొనువాడు వేరొకదానిని ఇవ్వవలెను.

మొదటిది: విద్యుద్దీపముల తోరణములు ఏ మతమునకును చెందినవి కావు. వానిని ధనుర్మాసారంభముననే కట్టి, భోగి వఱకు ఉంచుడు. పది దినముల వెలుగుకు బదులు పిల్లలకు నెల దినముల వెలుగు దొరకును.

రెండవది: వాకిలి లేనివారు తలుపు ముందటి మూరెడు చోటనే ముగ్గు వేయించుడు. గొబ్బెమ్మ ఒక్కటి చాలును. గుమ్మడిపువ్వు దొరకనిచో బంతిపువ్వు పెట్టుడు. పిల్లలచేత భోగిపిడకలు తట్టించి దండ గ్రుచ్చించుడు. ఆ దండ ముందు అంగడిలోని ఏ మెఱుపుదండయు నిలువదు. ఏలయన అది వారు స్వయముగా చేసినది.

మూడవది: సంక్రాంతి బొమ్మలకొలువును ఇప్పటినుండియే పిల్లల వశము చేయుడు. మన కొండపల్లి కృష్ణాతీరమునకు సమీపముననే ఉన్నది. తెల్లపొణికి కఱ్ఱతో మలచిన దశావతారములు, ఎడ్లబండ్లు, చెట్లు అచ్చట దొరకును. ప్లాస్టిక్ చెట్టుకు పెట్టు ధనమును ఆ శిల్పులకు ఇచ్చుట ఒక విధమైన దానమే. కొలువు ముందు మట్టిలో ఆవాలు, మెంతులు చల్లించుడు. మూడు నాలుగు దినములలో మొలక వచ్చును. పచ్చని చెట్టు కావలెనన్న బిడ్డకు, తాను నీరు పోసి పెంచిన పచ్చదనము లభించును.

నాల్గవది: పాఠశాలలో వేడుక జరిగినచో బిడ్డను దాచకుడు. క్రైస్తవ మిత్రుని యింటికి పంపుడు. ఆహారనియమము ఉన్నవారు ఆ మాటను ముందే మర్యాదగా చెప్పుడు. అట్లే ఆ మిత్రుని మీ బొమ్మలకొలువునకు పిలువుడు. ఇచ్చుటకు మన యింట ఏదైన ఉన్నప్పుడే పుచ్చుకొనుటకు గౌరవము.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు దంపతులు "ఇచ్చట వీధి యంతయు చెట్లే, మా ఇల్లొక్కటే చీకటిగా ఉండవలెనా?" అని అడుగుదురు. చీకటిగా ఉండనక్కరలేదు, పైన చెప్పిన దీపములు ఎచ్చటనైనను వెలుగును. వీధితో భిన్నముగా ఉండుటకు జంకనక్కరయు లేదు. ఆ దేశముననే 1659లో మసాచుసెట్స్ క్రైస్తవులు, తమ గ్రంథమున లేదని చెప్పి, క్రిస్మస్ జరుపుకొనువారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించినారు. 1681 వఱకు ఆ శాసనము ఉన్నది. జరిమానాలు మన మార్గము కాదు. అయినను, తమ నమ్మకమునకు సరిపడని దానిని ఇంటికి తేకుండుట ఆ దేశమునకు క్రొత్తగాని, నాగరికతకు విరుద్ధముగాని కాదు.

స్వధర్మము గుణహీనముగా కనబడినను శ్రేయస్కరమని భగవానుని ఉపదేశము. మన ధర్మము గుణహీనము కాదు. పెట్టెలో పెట్టి అటకపైకి ఎక్కింపబడినది, అంతియే. ఈ ధనుర్మాసమున ఆ పెట్టెను క్రిందికి దింపుడు. బొమ్మల దుమ్ము తుడుచు పనిని పిల్లలకు అప్పగింపుడు.

శుభం భూయాత్.