ప్రతి ఉంటే చాలునా?

తాళపత్రాలు తేమకు, చెదలకు నశించేవి. అయినా ఎన్నో కావ్యాలు మనకు దక్కాయంటే, వాటికి పలుచోట్ల ప్రతులు వ్రాసి ఉంచడమే కారణం. ఇంటి కంప్యూటర్‌కూ ఇదే నీతి వర్తిస్తుంది. ఇలా దాచిన ప్రతినే బ్యాకప్ అంటారు.

అయితే ప్రతి ఉన్నదన్న ధీమా ఒక్కటే చాలదు. 1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ చలనచిత్రపు ఫైళ్ళు పొరపాటున చెరిగిపోయాయి. బ్యాకప్ సరిగా పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. సాంకేతిక దర్శకురాలు గాలిన్ సుస్మన్ ఇంటి కంప్యూటర్‌లోని ప్రతి ఆ శ్రమను చాలావరకు దక్కించింది.

కాబట్టి ఏ పద్ధతిని ఎంచుకొన్నా, పోయినదానిని అది తిరిగి ఇవ్వగలదా అన్నదే ముఖ్యం. ఒక ప్రతిని బయటి హార్డ్ డిస్క్‌లో దాచి, పని ముగియగానే దానిని విడదీయాలి. కలిపే ఉంచితే కంప్యూటర్‌లో చొరబడిన వైరస్ దానినీ పాడుచేయవచ్చు. మరొక ప్రతి ఇంటికి వెలుపల, ఇంటర్నెట్ నిల్వలోనో బంధువుల ఇంటనో ఉండాలి. నెలకొకసారి ఆ ప్రతులనుండి ఒక ఫైలును వేరొక చోటికి తెచ్చి, తెరచి చూడాలి.

కుటుంబపు ఛాయాచిత్రాలను, చదువుకై వ్రాసుకొన్న పత్రాలను డబ్బిచ్చి తిరిగి కొనలేము. పరీక్షించి చూచిన ప్రతియే వాటికి రక్ష.