ఐకాన్లు కనపడకపోతే ఫార్మాటు కొట్టేస్తారా?

మన ఊళ్ళల్లో కంప్యూటరుకి ఏ జబ్బు చేసినా మందొకటే. ఫార్మాటు. పాటలు వినపడకపోతే ఫార్మాటు, ప్రింటరు పలక్కపోతే ఫార్మాటు, నెమ్మదిగా నడుస్తోందంటే ఫార్మాటు. ఇక పొద్దున్నే ఆన్ చేసేసరికి డెస్క్‌టాప్ మీద ఒక్క ఐకాను కూడా లేదనుకోండి, రిపేరు కుర్రాడు కూర్చోను కూడా కూర్చోడు. నిలబడే తెర వంక చూసి "మొత్తం పోయిందండీ, వైరస్సు. ఫార్మాట్ కొట్టేయాల్సిందే" అంటాడు. ఇంటివాళ్ళు బిక్కమొహాలేసుకుని తలూపుతారు. డబ్బాకి వైర్లు పీకి బండి మీద పెట్టుకుని వెళ్ళిపోతాడు. సాయంత్రానికి కొత్త పెళ్ళికూతురిలా తిరిగొస్తుంది. ఐకాన్లు ఉంటాయి. వాటి వెనకాల ఉండాల్సినవి మాత్రం ఉండవు.

దీన్ని రిపేరు అనడం నాకు ఇష్టం లేదు. కాల్లో ముల్లు దిగిందని వెళ్తే కాలు తీసేసి, "ఇంక నొప్పి ఉండదు లెండి" అన్నట్టుంటుంది. ఐకాన్లు మాయమవడానికి ఫార్మాటు అవసరమయ్యే సందర్భాలు నేనింతవరకూ చూడలేదు. ఇరవై ఏళ్ళుగా చుట్టాల కంప్యూటర్లూ, చుట్టాల చుట్టాల కంప్యూటర్లూ చూస్తున్నవాణ్ణి కాబట్టి ఈ మాత్రం గట్టిగా చెప్పగలను.

అసలు డెస్క్‌టాప్ అంటే ఏమిటండీ? బల్ల కాదు, తెర కాదు. హార్డ్‌డిస్కులో అన్ని ఫోల్డర్లలాంటి ఒక ఫోల్డరు. ఎక్స్‌పీలో అయితే సీ డ్రైవులో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, దాంట్లో మీ పేరు, దాంట్లో డెస్క్‌టాప్. విస్టా నుంచీ ఇప్పటిదాకా సీ డ్రైవులో యూజర్స్, మీ పేరు, డెస్క్‌టాప్. ఆ ఫోల్డర్లో ఉన్నవాటిని ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాం తెర మీద బొమ్మలుగా వేసి చూపిస్తుంది, అంతే. 1981లో జిరాక్సు వాళ్ళు స్టార్ అనే కంప్యూటరుతో ఈ బల్ల, కాగితాల వేషం మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచీ మనం ఆ బొమ్మే వస్తువనుకుంటున్నాం. ఆ బొమ్మల్లో సగం షార్ట్‌కట్లు, అంటే ఉత్త చిరునామాలు. గుమ్మం మీద పేరు పలక ఊడిపోతే ఇల్లు కూలిపోయిందని ఏడుస్తామా?

కాబట్టి మొదట చూడాల్సింది ఏం పోయిందని కాదు, ఏం మిగిలిందని. కింద స్టార్ట్ బటనున్న పట్టీ కూడా లేకుండా ఒట్టి వాల్‌పేపరే కనిపిస్తోందా? అయితే ఎక్స్‌ప్లోరర్ లేవలేదు, లేదా లేచి పడిపోయింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరొస్తుంది. ఫైల్ మెనూలో కొత్త టాస్కు తెరిచి ఎక్స్‌ప్లోరర్ అని టైపు చేసి ఎంటర్ కొడితే అన్నీ వచ్చి కూర్చుంటాయి. మళ్ళీ రేపు పొద్దున్న అదే గొడవైతే అప్పుడు కారణం వెతకాలి. యాంటీవైరస్ ఏదో పురుగుని చంపుతూ ఆ పురుగు మార్చిపెట్టిన రిజిస్ట్రీ సెట్టింగుని మాత్రం వదిలేసి ఉండొచ్చు. అప్పుడు కూడా బాగుచేయాల్సింది ఆ ఒక్క సెట్టింగునే, డిస్కుని కాదు.

కింద పట్టీ ఉంది, రైట్ క్లిక్ చేస్తే మెనూ వస్తోంది, కానీ రీసైకిల్ బిన్‌తో సహా ఒక్కటీ లేదంటారా? ఆ మెనూలోనే ఎక్స్‌పీలో అయితే "అరేంజ్ ఐకాన్స్ బై" కింద, తర్వాత వచ్చిన విండోస్‌లలో "వ్యూ" కింద, "షో డెస్క్‌టాప్ ఐకాన్స్" అని ఉంటుంది. దాని పక్కన టిక్కు పోయి ఉంటుంది. పెట్టండి. అయిపోయింది.

రీసైకిల్ బిన్ ఉంది, కొన్ని షార్ట్‌కట్లే లేవంటే అది ఇంకో కథ. ఎక్స్‌పీలో 60 రోజులకోసారి ఒక విజర్డు వచ్చి, వాడని ఐకాన్లున్నాయి సర్దమంటారా అని అడిగేది. మనవాళ్ళు దేనికైనా నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ నొక్కే అలవాటున్నవాళ్ళు కదా! అవన్నీ "అన్‌యూజ్డ్ డెస్క్‌టాప్ షార్ట్‌కట్స్" అనే ఫోల్డర్లోకి పోయేవి. ఆ ఫోల్డరు డెస్క్‌టాప్ మీదే, కళ్ళ ముందే ఉండేది.

ఇక ఐకాన్లే కాదు వాల్‌పేపరు కూడా మారిపోయి, కంప్యూటరు కొత్తగా కొన్నట్టుంటే, మీరు తాత్కాలిక ప్రొఫైల్లోకి వెళ్ళారన్నమాట. మీ ప్రొఫైలు తెరుచుకోక విండోస్ మిమ్మల్ని సత్రంలో దింపింది. మీ ఇల్లూ సామానూ పాత ఫోల్డర్లో అలాగే ఉన్నాయి. అక్కడ కూర్చుని కొత్తగా మాత్రం ఏమీ సేవ్ చెయ్యకండి, లాగాఫ్ అవగానే ఆ సత్రాన్ని ఊడ్చేస్తారు.

ఇంతే. ఈ నాలుగూ చూడ్డానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు పెట్టనందుకు ఏమైందో ఒకటి చెప్తాను.

మా బాబాయి రాజమండ్రిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా తాతయ్య రాసిన ఉత్తరాలు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉండేవి. చెదలు పట్టి, మడతల దగ్గర విరిగిపోతుంటే, 2006లో ఎక్స్‌పీ వేసిన కంప్యూటరొకటి కొని, అను ఫాంట్లతో ఒక్కొక్కటే టైపు చేయడం మొదలుపెట్టారు. ఒంటి వేలితో, రోజుకి ఒకటో రెండో, మూడేళ్ళు. అన్నీ డెస్క్‌టాప్ మీదే ఒక ఫోల్డర్లో. 2009లో ఒకరోజు ఐకాన్లు మాయం. కాలనీలో షాపు కుర్రాణ్ణి పిలిచారు. ఫార్మాటు. మూడొందలు.

ఆ వారం ఫోనులో నేనడిగాను.

"ఆ రోజు కింద స్టార్టు బటనుందా బాబాయ్?"

"ఉందిరా."

"రీసైకిల్ బిన్? చెత్తబుట్ట బొమ్మ?"

"అదీ లేదు. ఏమీ లేవంటే ఏమీ లేవు."

"రైట్ క్లిక్ కొడితే మెనూ వచ్చిందా?"

"వచ్చినట్టే గుర్తు. ముందురోజు మన బుజ్జిగాడు మౌసు పట్టుకుని ఆడుకున్నాళ్ళే. ఏం, ఎందుకడుగుతున్నావు?"

నేనేం చెప్పను? ఒక్క టిక్కు. బుజ్జిగాడు తీసిన టిక్కు తిరిగి పెడితే అయిపోయేదానికి డిస్కు ఊడ్చేశారు.

అసలు అన్యాయం ఇంకా ఉంది వినండి. వాళ్ళబ్బాయి ఎప్పుడో చెప్పాడని బాబాయి అందులో సగం ఉత్తరాలు డీ డ్రైవులో కూడా కాపీ పెట్టుకున్నారు. సీ మాత్రమే ఫార్మాటు చేశారు కాబట్టి డీ భద్రంగా ఉంది. కానీ సీతో పాటు అను ఫాంట్లు పోయాయి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాల ముక్కలు పెట్టి నడిపించే పద్ధతి. ఫాంటు లేకపోతే ఆ ఫైలు తెరిస్తే కనిపించేది కొక్కిరి గీతలే. కుర్రాడు తెరిచి చూసి, ఇవన్నీ కరప్టయిపోయాయని నిర్ణయించి, చోటు కలిసొస్తుందని తీసేశాడు. అడగలేదు. ఫాంట్లు మళ్ళీ వేస్తే ప్రతి అక్షరమూ తిరిగొచ్చేది.

తర్వాత నేను డిస్కు తెప్పించుకుని రికవరీ చేస్తే కొన్ని దొరికాయి, చాలావాటి మీద కొత్త విండోస్ రాసేసి ఉంది. "పోతే పోయిందిలేరా" అన్నారాయన. నాకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు.

కుర్రాడి తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే పాపం తగుల్తుంది. ఒక టిక్కు పెట్టి మూడొందలడిగితే మనం ఇస్తామా? "నొక్కిందానికే మూడొందలా?" అని దెబ్బలాడతాం. అదే డబ్బా తీసుకెళ్ళి సాయంత్రం దాకా ఉంచుకుంటే మారుమాట లేకుండా ఇస్తాం. ఫార్మాటు వాడికి తేలిక కూడా. సీడీ పెట్టి, పట్టీ నిండేలోగా ఇంకో రెండు కంప్యూటర్లు చూసుకోవచ్చు. జబ్బు కనిపెట్టడానికి బుర్ర కావాలి, దానికి మన దగ్గర ధర లేదు. ఇంత చెప్పినా ఒకటి మాత్రం క్షమించలేను. "మీ డెస్క్‌టాప్ మీదున్నవి సీ డ్రైవులోనే ఉంటాయి, ఫార్మాటు చేస్తే అవి పోతాయి" అని ముందు చెప్పకపోవడం. జనం విలువైనదల్లా పెట్టుకునేది అక్కడే. ఆ సంగతి ఇంటివాళ్ళకి తెలియదు, కుర్రాడికి బాగా తెలుసు.

ఇక ఈ వేషం తయారుచేసినవాళ్ళ సంగతి. దాచడమూ, చెరపడమూ చూసేవాడికి ఒకేలా కనిపించేటట్టు కట్టింది ఎవరు? టిక్కు తీసేస్తే "మీ ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు, దాచాం" అని తెర మీద ఒక్క ముక్క రాయడానికి ఏం కష్టం? విండోస్ 7 వచ్చాక ఇంకా ముదిరింది. డెస్క్‌టాప్ మీద నాలుగు కంటే ఎక్కువ పనిచెయ్యని షార్ట్‌కట్లుంటే, వారానికోసారి నడిచే మెయింటెనెన్సు వాటిని చడీచప్పుడు లేకుండా తీసేసేది. పనిచెయ్యడం లేదని ఎలా తెలిసింది? ఆ క్షణాన గమ్యం దొరకలేదు కాబట్టి. పెన్‌డ్రైవు పీకి బీరువాలో పెట్టినా వాటి లెక్కలో షార్ట్‌కట్ చచ్చిపోయినట్టే!

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1809 అప్‌డేటైతే ఏకంగా కొందరి ఫైళ్ళే చెరిపేసింది. ఎవరివనుకున్నారు? జాగ్రత్తపరులవి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లని వేరే చోటికి మళ్ళించుకున్నవాళ్ళకి, పాత చోట ఇంకా మిగిలిన ఫైళ్ళని ఖాళీ ఫోల్డర్లనుకుని ఊడ్చేసింది. గోలయ్యాక కొద్దిరోజుల్లోనే ఆ అప్‌డేటు ఆపి నవంబరులో మళ్ళీ వదిలారు. 2020 ఫిబ్రవరిలో కేబీ 4532693 అనే అప్‌డేటు వేసుకున్న కొందరు పొద్దున్న లేచేసరికి నేను పైన చెప్పిన సత్రంలో ఉన్నారు. ఫైళ్ళు భద్రంగానే ఉన్నాయి, పేరు మారిన ఫోల్డర్లో. అప్పుడు ఎంతమంది ఇళ్ళల్లో ఎవరు ఏం కొట్టేశారో ఆ దేవుడికే తెలియాలి.

"మరి నిజంగా వైరస్సే అయితే?" అంటారు. 2011 ప్రాంతంలో ఒక దొంగ ప్రోగ్రాముల గుంపు తిరిగింది, మైక్రోసాఫ్ట్ దాన్ని ఫేక్‌సిస్‌డెఫ్ అనేది. హార్డ్‌డిస్కు పాడైపోయిందని హడావుడి చేసి, బాగుచెయ్యడానికి డబ్బులడిగేది. ఫైళ్ళన్నిటికీ హిడెన్ గుర్తు తగిలించి, షార్ట్‌కట్లని టెంప్ ఫోల్డర్లో ఎస్ఎమ్‌టెమ్‌పీ అనే చోటికి మోసుకుపోయేది. చూశారా, దొంగ కూడా చెరపలేదు, దాచాడు! ఏమీ తెలియకుండా టెంప్ ఫైళ్ళు శుభ్రం చేసినవాళ్ళే షార్ట్‌కట్లు నిజంగా పోగొట్టారు.

మా సాఫ్ట్‌వేరు వాళ్ళని కూడా వదలను. ఆఫీసులో ఒక చిన్న బగ్గుకి లాగు ఫైళ్ళు తిరగేసి, మూలకారణం రాయకపోతే టికెట్టు మూయని మనం, అమ్మ ఫోను చేస్తే "పాతదైపోయిందమ్మా, కొత్తది కొనేద్దాం" అంటాం. వాళ్ళ కంప్యూటర్లో ఏముందో ఒక్కసారైనా అడిగామా?

ఇప్పుడు ఈ గోలెందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇళ్ళల్లో పాత కంప్యూటర్లు మళ్ళీ బండెక్కుతున్నాయి, "కొత్త విండోస్ వేసేద్దాం" అంటూ. వెయ్యనివ్వండి, తప్పులేదు. కానీ డబ్బా గుమ్మం దాటకముందే సీ డ్రైవులో యూజర్స్ ఫోల్డరు మొత్తం ఒక బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. మీ పేరు పక్కన ఇంకో తోక తగిలించిన ఫోల్డరుంటే అది కూడా. అను ఫాంట్లు వాడినవాళ్ళు ఫాంట్స్ ఫోల్డరు కూడా. కంప్యూటరు అసలు లేవనే లేవకపోతే, డిస్కు విప్పి ఇంకో కంప్యూటరుకి తగిలించి మీ ఎదురుగానే కాపీ తీయమనండి. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి.