మిలిటరోళ్ల ఇండ్లల్ల కంచం ఎందుకు తెల్లబడ్డది?

తూర్పుకోట, పడమరకోట, మధ్యకోటల ఉన్న మాజీ సైనికులకు, కొడుకుల్ని బార్డర్‌కు పంపిన తల్లులకు, పెనిమిటి పోయి ఒంటిగ ఇల్లీడుస్తున్న అక్కచెల్లెండ్లకు!

రాత్రి మీ ఇంట్ల కంచం జూసిండ్రా? గుట్టంత అన్నం. పలుచటి చారు. అంచుకింత తొక్కు. అంతేనా? మా ఇంట్ల గూడ అంతే! పదిహేడేండ్లు ఎండల, మంచుల నిలబడ్డ మనిషి. ఇయ్యాల పొద్దున లేస్తే షుగర్ గోలి, బీపీ గోలి! ఫౌజ్ లంగర్‌ల తిన్నన్ని రోజులు పప్పుకు తూకం, కూరకు తూకం, గుడ్డుకు లెక్క. ఇంటికొచ్చినంక ఆ తూకం ఏడవోయింది?

మొన్న మేకుకు గుచ్చిన కేంటీన్ బిల్లు తీసి చదివిన. ఐదు లీటర్ల నూనె డబ్బ. పన్నెండు బిస్కట్ పాకిట్లు. నూడుల్స్. పిల్లలకు చాక్లెట్ పొడి. సబ్బులు, షాంపూలు. పప్పు? ఒక్క కిలో! నలుగురం తినే ఇంటికి నెలంతటికి ఒక్క కిలో! చదువుతుంటె నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. కార్డున్నది గదా, అగ్గువకొస్తున్నది గదా అని సంచులు నింపుకొస్తున్నం. పింఛన్‌ల కిరాయి, ఫీజులు, కరెంటు బిల్లు పోంగ మిగిలిన నాలుగు పైసలు పాకిట్ల పాలైతున్నయ్. ఇగ మందు కోటా ఏ నెలది ఆ నెల ఇంటికొస్తది, పిల్లల పాలపాకిట్ మాత్రం సగమైతది. నిజమా, కాదా?

తిండి తప్పితే ఫౌజ్ ఎట్ల కూలుతదో మనకంటె ఎవరికి ఎరుక? 1915 డిసెంబర్ నుంచి 1916 ఏప్రిల్ దాక ఇరాక్‌ల కూత్ పట్నంల మన దేశపు సిపాయిలు ముట్టడిల చిక్కిండ్రు. కూర లేదు, కాయ లేదు. చిగుళ్లు వాచి రక్తం కారింది. స్కర్వీ! అదే ముట్టడిల తెల్లరొట్టె తిన్న బ్రిటిష్ సోల్జర్లకు బెరిబెరి పట్టింది. ముడి గోధుమపిండి తిన్న మనోళ్లకు పట్టలె! తెల్లగ చేసిన తిండి మనిషిని ఎట్ల పడేస్తదో అక్కడ గూడ కనవడ్డది. 1918ల కూనూర్‌ల ఒక్క గదిల మెక్‌కారిసన్ అనే మిలిటరీ డాక్టర్ బెరిబెరి మీద పరిశోధన మొదలువెట్టిండు. ఆ గదే పెరిగి పెరిగి ఇయ్యాల హైదరాబాద్ తార్నాకల జాతీయ పోషకాహార సంస్థయింది.

ఆ సంస్థ 2024ల ఏం జెప్పింది? మనిషికి రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు. నూనె 27 గ్రాములు. లెక్కగట్టుండ్రి! నలుగురికి నెలకు పప్పు, గుడ్డు, మాంసం అంతా కలిపి పది కిలోలు. మా బిల్లుల ఒక్క కిలో! నూనె మూడున్నర లీటర్లు చాలు. మేం పోస్తున్నది ఐదు! ఆ లీటరున్నర పైసలకు పుంటికూర ఎన్ని కట్టలొస్తయో లక్ష్మీపురం మార్కెట్ల అడుగుండ్రి.

అక్కా, కష్టమేం గాదు. గుప్పెడు పెసరపప్పు, కట్ట గంగవాయిలు కూర, రెండు పచ్చిమిరపకాయలు, కుక్కర్‌కు రెండు విజిల్లు. పక్కకొక జొన్నరొట్టె. పొద్దూకినంక బిస్కట్ బదులు ఉడకవెట్టిన బెబ్బర్లు, ఉప్పేసి తాలింపు. పెరట్ల మునగచెట్టున్న ఇంటికి ఆకు కొనే పనే లేదు! రేషన్ కార్డున్నోళ్లకు మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉత్తగనే వస్తున్నయ్. మంచిదే, తెచ్చుకుందాం. బియ్యం మీద మిగిలిన పైసల్ని పప్పు మీద పెడదాం, పాకిట్ మీద గాదు!

జొన్నరొట్టె అంటె నామోషీనా? యాభై ఏండ్లకు పైగ పక్కకువెట్టిన చిరుధాన్యాల పిండిని 2023ల ఆర్మీనే మళ్ల జవాన్ల రేషన్‌ల కలిపింది! కేంటీన్లల్ల గూడ చిరుధాన్యాలు పెడతమన్నది. మరి మన కేంటీన్‌ల ఏ మూలకున్నయ్? పప్పులు, జొన్నపిండి, పల్లీలు ముంగటి అరల పెట్టుమని అడగాలె. ఒక్కలడిగితె నవ్వుతరు. వంద మందిమి సంతకాలు వెట్టి అడిగితె?

ఇంకో మాట, దీన్ని మాత్రం ఇంటింటికి చెప్పుండ్రి. పింఛన్ రాకుండ మధ్యల ఇంటికొచ్చిన మాజీ సైనికులు, వాళ్ల వితంతువులు, హవల్దార్, ఆ లోపు ర్యాంకోళ్లు, 65 ఏండ్లు దాటి వేరే రాబడి లేకుంటె కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంట్ ఉన్నది. నెలకు 4,000 ఉండేది. 2025 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 8,000 చేసిండ్రు! మన గల్లీల ఎంతమంది ముసలవ్వలకు ఈ సంగతి ఎరుక? జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు వాళ్లను ఆటోల ఎక్కించుకొని తీస్కపోయేది ఎవరు? మనమే!

ఇగ మళ్ల పప్పు ముచ్చటకొద్దాం. పది ఇండ్లు కలిస్తె కందిపప్పు బస్తా బీట్ బజార్‌ల హోల్‌సేల్‌కు తెచ్చుకోవచ్చు. తూకం మళ్ల మన చేతికే వస్తది!

వచ్చే ఆదివారం పొద్దుగాల ఏడు గంటలకు మధ్యకోటల ఖుష్ మహల్ ముంగట కలుద్దాం. సంతకాల కాగితం మేం తెస్తం. మీరు ఒక చేతిల పోయిన నెల కేంటీన్ బిల్లు, ఇంకో చేతిల ఖాళీ సంచి పట్టుకొని రాండ్రి. అక్కడ్నుంచి అందరం కలిసి మార్కెట్‌కే!

ఖిలా వరంగల్ మాజీ సైనిక కుటుంబాల ఆడబిడ్డలు