కుండ కింద కుదురు

మొన్న పక్కింటి పిన్నిగారు ఫోన్లో మాట్లాడుతుంటే గోడ ఇవతలికి వినపడింది. "అమ్మాయికి సంబంధం సెట్ అయింది వదినా. ముహూర్తమే ఇంకా సెట్ కాలేదు. సన్నాయి మేళం, వంటవాళ్లు... అన్నీ మావాడు సెట్ చేస్తానన్నాడు." వరసగా మూడు సెట్లు. టెన్నిస్‌లో అయితే గెలిచి ఇంటికి పోవచ్చు.

ఈ మాటను తక్కువ అంచనా వేయకూడదు. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడుగైన పద్దు దీనిదే. సుమారు 430 అర్థాలు. తర్వాత 'రన్' దీన్ని దాటేసింది. ఆ ఒక్క క్రియ మీద పీటర్ గిలివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చుంటే 645 అర్థాలు తేలాయి.

ఇంగ్లీషులో సూర్యుడూ, సిమెంటూ, పెరుగూ, విరిగిన ఎముకా అన్నీ సెట్ కావలసిందే. మనకు పొద్దు గూకుతుంది, సిమెంటు గట్టిపడుతుంది, పెరుగు తోడుకుంటుంది, ఎముక పుత్తూరు కట్టుతో అతుక్కుంటుంది.

అరువు మాటల మీద నాకు కోపం లేదు. పంపుసెట్టుకు తెలుగు పేరు వెతికే తీరిక ఏ రైతుకూ లేదు, అవసరమూ లేదు. అది వస్తువుతో పాటు వచ్చిన మాట. నా పేచీ అల్లా ఇంట్లో ఉన్న మాటను లేపి, దాని పీట మీద కూర్చునే మాటతోనే.

పెళ్లి, ముహూర్తం, బేరం, అద్దె ఇల్లు, కూరలో ఉప్పూకారం... ఇవన్నీ నిన్నమొన్నటి దాకా 'కుదిరేవి'. అల్లరి పిల్లాడికి కుదురు వచ్చేది. జ్వరం తగ్గితే ఒళ్లు కుదుటపడేది. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట కుదురు. మొక్క మొదట్లో నీళ్లు నిలిచే పాదూ కుదురే. చిత్రమేమిటంటే, పాత ఇంగ్లీషులో 'సెట్టన్' అన్నా కూర్చోబెట్టడమే. రెండు మాటలదీ ఒకే పని. వాళ్లు తమ మాటను వెయ్యేళ్లకు పైగా పనిలో పెట్టి వందల అర్థాలు పండించుకున్నారు. మనం మన మాటకు పని తప్పించి, వాళ్ల మాటను కూలికి పిలుస్తున్నాం.

నిన్న అదే పిన్నిగారు గిన్నెలో గోంగూర పప్పు తెచ్చిచ్చారు. "ఇవాళ సరిగ్గా కుదరలేదు నాయనా, ఉప్పు చాల్లేదు" అన్నారు. నిజమే, చాల్లేదు. అయినా ఆ మాటకు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.