శాలువా వద్దు, కుర్చీ వేయండి

గద్దర్ 1990తోనే పాట చాలించి ఉంటే ఎంత బాగుండేదో అనే మాట పటాన్‌చెరు, రామచంద్రాపురం, బొల్లారం వైపు ఇప్పటికీ వినిపిస్తుంది. అనేది ఆయనంటే గిట్టనివాళ్లు కారు. క్యాసెట్లు అరిగిపోయేదాకా ఆయన పాట విన్నవాళ్లు. బీహెచ్‌ఈఎల్‌లోనో మందుల ఫ్యాక్టరీలోనో మూడు షిఫ్టులూ చేసి రిటైరైనవాళ్లు. సాయంత్రం హోటల్ బెంచీ మీద ఎవరి ఫోన్‌లోనైనా పాత వీడియో మొదలైతే చాలు, పంచాయితీ లేస్తుంది. "నిజాం కాలేజీ గ్రౌండుల జూసినోనికి ఆ తర్వాత ఏదీ ఆనలే" అంటాడొకాయన. "గొంతు పోయినంక గూడ ఊరూరు తిరిగి పాడిండు గద భై, నువ్వూ నేనూ ఇంట్ల గూసున్నం" అంటాడు రెండో ఆయన. మూడో ఆయన ముసలితనంలో గుళ్లకు తిరగడం దగ్గర పట్టుకుంటాడు. గోచీ, గొంగడి పోయి కోటు వచ్చిందని ఇంకొకరి కోపం. ఎవరూ తగ్గరు.

ఆ నిజాం కాలేజీ సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1985లో కారంచేడు దళితుల హత్యాకాండ మీద గద్దర్ బృందం జన నాట్య మండలి ఊరూరా పాడింది. పోలీసులు ఇంటి మీద పడ్డారు, గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. ఇంచుమించు అయిదేళ్లు ఆయన మనిషిగా ఎవరికీ కనిపించలేదు, క్యాసెట్‌లో మాత్రమే వినిపించాడు. మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం వచ్చి నిర్బంధం కాస్త సడలించాక, 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చాడు. ఆ నెల 20న నిజాం కాలేజీ మైదానంలో జన నాట్య మండలి మళ్లీ గజ్జె కట్టింది. రెండు లక్షల మంది వచ్చారని లెక్క. ఈ ఫ్యాక్టరీల బెల్టు నుంచి లారీలెక్కి పోయినవాళ్లు అందులో ఉన్నారు. విడిపోయిన బృందం మళ్లీ వేదికెక్కితే పాశ్చాత్య దేశాల్లో రీయూనియన్ అంటారు, టికెట్ వేలల్లో ఉంటుంది. మనకు ఆ పూట టికెట్ లేదు, తిరిగి ఇల్లు చేరేదాకా పోలీసుల భయం మాత్రం ఉంది.

గద్దర్ మా జిల్లా మనిషి. పుట్టింది తూప్రాన్‌లో. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా అదంతా సంగారెడ్డి కేంద్రంగా ఉన్న మెదక్ జిల్లాయే. ఇంజనీరింగ్ మధ్యలో మానేసి, బుర్రకథలు చెప్పి, కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆ కొలువూ వదిలేశాడు. 'మా భూమి' సినిమాలో తెర మీద కనిపించి పాడిన కుర్రవాడికీ నిజాం కాలేజీలో ఎగిరినవాడికీ మధ్య పదేళ్లే తేడా. ఆ తర్వాత ఏడేళ్లకు, 1997 ఏప్రిల్ 6న, ఇంటికొచ్చి కాల్చారు. డాక్టర్లు తీయడానికి వీల్లేని ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న ఆయనతోపాటే పోయింది. అంటే అభిమానులు పోల్చి చూసి పెదవి విరిచిన ఆ "రెండో గద్దర్" ఇరవై ఆరేళ్లపాటు ఒంట్లో తూటా పెట్టుకుని గజ్జె కట్టి ఎగిరాడన్నమాట. రాజకీయం నచ్చకపోతే దాన్నే విమర్శించండి, అది వేరే లెక్క. ఆయన అడుగు నెమ్మదించిందనీ గొంతు బొంగురుపోయిందనీ తప్పు పట్టేవారితో మాత్రం మాకు పేచీ ఉంది.

ఈ పేచీకి ఇంకో చివర ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఉంది. కందిలోని ఐఐటీ పిల్లలు నల్ల టీషర్టులేసుకుని జాతీయ రహదారి మీద ఆటోల కోసం నిలబడుతుంటారు. ఆ టీషర్టుల మీద ఉండే పేర్లలో బ్లాక్ సబత్ ఒకటి. 1968లో బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ పేటలో కార్మికుల పిల్లలు నలుగురు కట్టిన పాటల జట్టు అది. పాట పాడే ఆజీ ఆస్బర్న్ కబేళాలో పని చేశాడు, కార్ల హారన్లు పరీక్షించే పనీ చేశాడు. గిటార్ వాయించే టోనీ అయోమీది రేకుల ఫ్యాక్టరీ. పదిహేడేళ్ల వయసు. ఇక సంగీతమే బతుకు అనుకుని పని మానేస్తున్న ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లనంటే తల్లి ఒప్పుకోలేదు, పని పూర్తి చేసే రమ్మంది. రేకులు కోసే మెషీన్ మీద మనిషి రాకపోవడంతో అలవాటు లేని ఇతన్ని నిలబెట్టారు. కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు చివరలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే.

పాశమైలారంలోనో జిన్నారంలోనో ప్రెస్ షాపులో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఈ కథ వాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు. పవర్ ప్రెస్ కింద వేలు పోగొట్టుకున్న చేతులు ఇక్కడ ప్రతి బస్తీలో కనిపిస్తాయి. అయోమీ ఏం చేశాడంటే, ప్లాస్టిక్ డబ్బా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు ముక్క అతికించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి. అందుకని సన్నటి తీగలు కట్టాడు, పోనుపోను వాటి బిగువు తగ్గించి శృతి కిందికి దించాడు. హెవీ మెటల్ అని ప్రపంచం పిలిచే ఆ బరువైన, మంద్రమైన మోత అలా వచ్చింది. పరిశ్రమ ఒక మనిషి చేతిలోంచి కోసేసిన ముక్క ఒక సంగీతానికే శృతి నిర్ణయించింది. మన పరిశ్రమల బెల్టు కోసేసిన వేళ్ల నుంచి ఏ పాట వచ్చిందో ఎవరైనా వెతికారా? మేము కూడా వెతకలేదు.

బ్లాక్ సబత్ నలుగురూ ఇరవై ఏళ్ల తర్వాత ఒక్కటై 2025 జూలై 5న విల్లా పార్క్ మైదానంలో, తాము పెరిగిన పేటలోనే, చివరి కచేరీ చేశారు. ఆ వారం మాకు ఇంకో రకంగా గుర్తుంది. అంతకు అయిదు రోజుల ముందు, జూన్ 30 పొద్దున, పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలిపోయింది. యాభై మందికి పైగా తిరిగి రాలేదు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పిల్లలు. కొందరి ఆనవాలే దొరకలేదు. పటాన్‌చెరు ఆసుపత్రి ముందు ఫొటోలు పట్టుకుని తిరుగుతున్న వాళ్ల మధ్య ఎక్కడో దూరదేశపు పాట కచేరీ గురించి ఎవరికీ పట్టలేదు. ఆ వార్తలు మేము చదివింది తర్వాతే.

చదివాక ఒక్క విషయం మనసులో నాటుకుంది. ఆజీకి డెబ్బయి ఆరేళ్లు, పార్కిన్సన్స్ జబ్బు. నిలబడలేడు. నిర్వాహకులు దాన్ని దాచిపెట్టలేదు. నల్లటి పెద్ద కుర్చీ ఒకటి వేదిక కిందినుంచి పైకి లేచేట్టు అమర్చి, కూర్చోబెట్టే పాడించారు. పొద్దంతా చిన్న వయసు బృందాలు ఆ పాత పాటలు వాయించాయి. పెద్దవాళ్లు నలుగురూ కలిసి ఆఖర్లో నాలుగంటే నాలుగు పాటలు పాడారు. గొంతు జారిన చోట నలభై వేల మంది అందుకున్నారు. వచ్చిన డబ్బు పార్కిన్సన్స్ పరిశోధనకూ పిల్లల ఆసుపత్రికీ ఇస్తామని ముందే చెప్పారు. పదిహేడు రోజులకు, జూలై 22న, ఆజీ చనిపోయాడు. "ముందు లెక్క గొంతు లేదు" అని అక్కడా కొందరన్నారు. అనరా మరి! కానీ అతన్ని ఎవరూ సంతాప సభలో తలచుకోవాల్సిన అవసరం పడలేదు. వీడ్కోలు ఎదుటే జరిగిపోయింది.

గొంతుకు వయసొస్తే ఏమవుతుందో గాయకులందరికీ తెలుసు. స్వరతంత్రుల కండ పలచబడుతుంది, ఊపిరి చాలదు, పై స్థాయి అందదు, పొడుగు రాగం మధ్యలో తెగుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. శృతి ఒకటిన్నర కట్ట దించుకోవచ్చు, పాటల మధ్య మాట పెట్టుకోవచ్చు, పల్లవి జనానికి వదిలేయవచ్చు. మన జానపద బృందాలకు ఈ చివరిది వెన్నతో పెట్టిన విద్య. వంత లేనిదే పాటే లేదు కదా. గొంతు కన్నా ముందు భుజం పోయేది డప్పు కొట్టేవాళ్లకు. ఎడమ భుజానికి వేలాడే డప్పును పొట్టకు ఆనించి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టుకుని గంటలకొద్దీ వంగి దరువేయాలి. చలికాలం తోలు మెత్తబడితే గడ్డి మంట పెట్టి కాచుకోవాలి. కాగిన డప్పును వేలితో మీటి చూసి, ఇంకాస్త, ఇంకాస్త అంటూ తిప్పుతుంటారు. ఎక్కువైతే తోలు పగులుతుంది. ఇప్పుడు నట్లు బిగించే ఫైబర్ డప్పులొచ్చాయి. మంట అక్కర్లేదు, బరువూ తక్కువ. వాటి మోత మాకు నచ్చదు. అయినా అరవై దాటిన చేతికి అదే దిక్కయితే, నచ్చకపోవడం మా సమస్య.

సినిమా పాట దగ్గరికొస్తే తెలుగువాళ్లు ఇంత కఠినంగా ఉండరు, అది గమనించాం. 2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడొద్దని ఎస్పీ బాలుకు నోటీసు పంపినప్పుడు రెండు పక్షాలుగా చీలి కొట్లాడుకున్నవాళ్లు, 2019 జూన్‌లో చెన్నై వేదిక మీద ఇద్దరూ కలిస్తే కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు బాలుకు డెబ్బయి మూడేళ్లు నిండబోతున్నాయి. గొంతు ఇరవయ్యేళ్ల కిందటిలా ఉందా లేదా అని ఎవరూ కొలవలేదు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఆయన లేరు. ఎస్. జానకి ఇంకో దారి పట్టారు. చాలిక అని తానే నిర్ణయించుకుని 2017 అక్టోబరులో మైసూరు కచేరీతో వేదికకు సెలవు చెప్పారు. రెండూ గౌరవంగానే జరిగాయి. ఎందుకంటే ఎప్పుడు ఆపాలో ఎప్పుడు పాడాలో చెప్పింది కళాకారులే, బెంచీ మీద కూర్చున్న మనం కాదు. ఆ వీలు డబ్బున్న సినిమా గాయకులకే దక్కుతోంది. పల్లె పాటకు దక్కడం లేదు.

పల్లె పాటకు మనం ఇచ్చేది శాలువా. కలెక్టరేట్‌లో జరిగినా కాలనీ గణేశ్ మండపంలో జరిగినా సభ తీరు ఒకటే. ముసలి కళాకారుణ్ని పొద్దున్నే తెచ్చి కూర్చోబెడతారు. నాయకుల ఉపన్యాసాలన్నీ అయ్యాక, జనం లేస్తున్న వేళ, "పెద్దాయన రెండు ముక్కలు పాడతారు" అంటారు. మైకు ఆయన ఎత్తుకు ఉండదు. పల్లవి కాగానే శాలువా, జ్ఞాపిక, ఫొటో. ఆటో కిరాయి ఇచ్చారో లేదో ఎవరూ అడగరు. ఈ తంతు మేము చూస్తూ ఊరుకున్న సభలు కూడా ఉన్నాయి.

కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకే హైదరాబాద్ శివార్లలో కూలి పనిలో కనిపించారని పత్రికలు ఫొటోతో సహా వేశాయి. 'బలగం' సినిమా చివర్లో పాడి రాష్ట్రాన్నంతా ఏడిపించిన పస్తం మొగిలయ్య, బుడగ జంగాల కళాకారుడు, కిడ్నీలు పాడై 2024 డిసెంబరులో వరంగల్‌లో కన్నుమూశారు. గూడ అంజయ్య 2016లో, అరుణోదయ రామారావు 2019లో, జన నాట్య మండలికి ఉత్తరాంధ్ర గొంతుక అయిన వంగపండు 2020లో, రాష్ట్ర గీతం రాసిన అందెశ్రీ 2025 నవంబరులో వెళ్లిపోయారు. ప్రతి ఒక్కరికీ సంతాప సభలు బ్రహ్మాండంగా జరిగాయి. గద్దర్ పేరిట సినిమా అవార్డులే పెట్టారు. ఆయన బతికుండగా పాత బృందాన్ని ఒకచోట కూర్చోబెట్టి, జెండాలేవీ లేకుండా, ఒక పూటంతా పాడించి రికార్డు చేయాలని ఎవరికీ తోచలేదు. తెలంగాణ సాంస్కృతిక సారథిలో అయిదు వందల మందికి పైగా కళాకారులకు కొలువులిచ్చారు, మంచిదే. కొలువు వయసు దాటిపోయిన బృందాల గతేమిటన్నది ఇంకా తేలలేదు.

మా జిల్లాలో ఇంకా మిగిలున్నారు. చిరుతల రామాయణం ఆడినవాళ్లు, ఒగ్గు కథకులు, శారద కథ చెప్పేవాళ్లు, ఎనభైల్లో యూనియన్ మీటింగుల ముందు గేటు దగ్గర పాడి జనాన్ని పోగేసినవాళ్లు, ఆర్కెస్ట్రాల్లో అకార్డియన్ వాయించి కీబోర్డు వచ్చాక ఇంట్లో కూర్చున్నవాళ్లు. వాళ్లను పిలిచే సంఘాలకూ, సాంస్కృతిక శాఖకూ, ఉత్సవాలకు ముంబై నుంచి బ్యాండ్లు రప్పించే కాలేజీలకూ మేము అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. ఉపన్యాసాలకు ముందే పాడించండి. కూర్చుని పాడతామంటే చేతులున్న మంచి కుర్చీ వేయండి, మైకు ఆ ఎత్తుకు దించండి. వంత పాడేందుకు కుర్రవాళ్లను వారం ముందు వాళ్ల దగ్గరికి పంపండి. శాలువాకు పెట్టే డబ్బు కవరులో పెట్టి పాటకు ముందే చేతికివ్వండి. సరైన మైకులతో రికార్డు చేసి ఒక కాపీ వాళ్ల ఇంటికి చేర్చండి.

పాఠకులకు ఒక మాట. మీ ఊళ్లో, మీ బస్తీలో ఒకప్పుడు కలిసి పాడి ఇప్పుడు తలో దిక్కైన బృందం ఉంటే, వారిలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఇంకా పాడగలరో కనుక్కుని, వాళ్ల అనుమతితో మాకు రాయండి. ఎవరైనా నడవలేని స్థితిలో ఉంటే ఆ సంగతీ రాయండి, మేమే ఇంటికి వస్తాం.