పరుగు మానిన గుఱ్ఱమునకు పత్రమక్కఱలేదా?

మన కోయంబత్తూరు నగరమున రేస్‌కోర్సు అను పేట యున్నది. ఆంగ్లేయుల కాలమున అచ్చట గుఱ్ఱములు పరుగెత్తినవి. నేడు ఉదయపువేళ మనవారే ఆరోగ్యమునకై నడచుచున్నారు. గుఱ్ఱములు పోయినవి, పేరు మిగిలినది. మన కుటుంబములలో కొందఱు పందెములు మానిన గుఱ్ఱములను కొని తోటలలో పెంచుచున్నారు గదా, అచ్చట వ్యవహారము తలక్రిందులుగా నున్నది. గుఱ్ఱమున్నది, పేరు పోయినది. దాని పుట్టుకను, తల్లిదండ్రులను, శరీర చిహ్నములను తెలుపు రిజిస్ట్రేషను పత్రము ఎక్కడనో జాఱిపోయినది. పోయినదని చింతించువారు కొద్దిమంది. "పరుగు మానిన గుఱ్ఱమునకు పత్రమెందులకు?" అని నవ్వువారు పెక్కుమంది. ఈ నవ్వు తగదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఆ పత్రమనగా నేమో తెలిసికొందము. పందెపు గుఱ్ఱములు థరోబ్రెడ్ అను జాతివి. 1791లో జేమ్స్ వెదర్‌బీ అను నాతడు ఇంగ్లండున ఈ జాతి వంశావళిని అచ్చువేయుటకు ఆరంభించెను. మగవైపున ఈ జాతి యంతయు మూడు గుఱ్ఱముల సంతతియే. మన దేశమున ఈ వంశావళిని పూనాలోని స్టడ్ బుక్ అథారిటీవారు నడుపుచున్నారు. పిల్ల పుట్టగానే తల్లిదండ్రుల పేర్లు చిట్టా కెక్కవలెను, డి.ఎన్.ఏ. పరీక్షచే ఆ మాట నిజమని తేలవలెను. మెడలో చర్మము క్రింద బియ్యపుగింజ యంత చిప్పు నుంచవలెను. ఆ చిప్పునకు పదునైదు అంకెల సంఖ్య యుండును. గుఱ్ఱపు వన్నె, నుదుటి చుక్క, కాళ్ల తెలుపు, సుడులు ఎచ్చటెచ్చట నున్నవో ఆ వివరము, వేసిన టీకాల తేదీలు, ఇవన్నియు పాస్‌పోర్టు అను చిన్న పుస్తకమున నుండును. మన పెద్దలు గుఱ్ఱమును కొనునపుడు సుడులు చూచెడివారు. శాస్త్రజ్ఞులును నేటికిని సుడులే చూచుచున్నారు. వారు శకునమునకై చూచిరి, వీరు గుర్తుపట్టుటకై చూచుచున్నారు.

ఇక మొదటి ఆక్షేపణ. పందెము మానిన పిదప పత్రముతో పని లేదట! ఈ గుఱ్ఱము రెండవ యేట పందెమున కెక్కును. పెక్కు గుఱ్ఱములు ఏడెనిమిదేండ్లు నిండకమునుపే మైదానమును విడిచిపోవును. సరిగా చూచుకొనినచో ఇరువదియైదు ముప్పదియేండ్లు బ్రదుకును. అనగా దాని జీవితమున ముప్పాతిక భాగము పందెములు మానిన తరువాతనే గడచును. మైదానమున నున్నంతకాలము దానిని ఎఱుగనివారు లేరు. శిక్షకుడెఱుగును, సైసు ఎఱుగును, పశువైద్యుడెఱుగును, గుమాస్తా యెఱుగును. అచ్చట పత్రము పోయినను పదిమంది సాక్షులున్నారు. లాయము దాటి, లారీ యెక్కి, పొల్లాచ్చి దారిలోని తోటకో, మదురై వెలుపలి పొలమునకో వచ్చిన పిదప దాని పక్షమున మాటలాడువాడెవడు? ఆ పుస్తకమొక్కటే. కావున పత్రము పరుగెత్తు గుఱ్ఱమునకంటె పరుగు మానిన గుఱ్ఱమునకే ఎక్కువ అవసరము.

పాఠకులు కొంచెము ఆలోచింతురు గాక. ధనుర్వాతము గుఱ్ఱములకు సులభముగా సోకు ప్రాణాంతక వ్యాధి. టీకా ఎప్పుడు వేసిరో పుస్తకము లేనిచో ఎట్లు తెలియును? గ్లాండర్సు అను అంటువ్యాధి మనుష్యులకును సోకును. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము క్రింద దానిని వెంటనే అధికారులకు తెలుపవలసి యున్నది. పరీక్షకు పంపిన నెత్తురు ఏ గుఱ్ఱమునదో స్థిరముగా చెప్పలేనిచో ఆ పరీక్షకు విలువ యేమి? ఎల్ల దాటించుటకు, పోటీలలో చేర్చుటకు, బీమా చేయుటకు, మంచి యజమానికి అమ్ముటకు అన్నిటికిని ముందడుగు గుర్తింపే. గుర్తింపు లేని గుఱ్ఱము చేతులు మాఱిన కొలది వెల తగ్గును. వెల తగ్గిన కొలది మేత తగ్గును. తుదకు పెండ్లి ఊరేగింపులలో బాణసంచా నడుమ బెదరుచు, డెక్కలు పగిలి, ఎవనిదో తెలియక రోడ్డు ప్రక్కన పడిపోవును. ఎవరిని అడుగుదుము? పేరే లేదు గదా!

రెండవ ఆక్షేపణ చేయువారు మఱి కొంత గౌరవనీయులు. "అది జూదపు గుఱ్ఱము, దాని కాగితములతో మన సంఘమున కేమి పని?" అందురు. అయ్యా, జూదమాడినది గుఱ్ఱము కాదు! అది పరుగెత్తినది, అంతే. చెన్నపట్టణపు పందెముల వ్యాజ్యమున 1996లో సుప్రీముకోర్టు గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడినదనియు, కేవలము అదృష్టముపై కాదనియు తీర్పు చెప్పినది. ఆ తీర్పు నచ్చనివారుకూడ ఇంటికి తెచ్చుకొన్న మూగజీవి బాధ్యతను త్రోసివేయలేరు. పందెము నచ్చనిచో పందెమునకు పోకుడు. గుఱ్ఱమును కొన్నచో దాని కాగితమును కాపాడుడు.

మనము విజయనగర దండులతోను, నాయకరాజులతోను ఈ దక్షిణదేశమునకు వచ్చినవారమని చెప్పుకొందుము. అట్లయిన ఆ కాలపు పద్ధతి వినుడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పుచు, దూరదేశములనుండి మేలైన గుఱ్ఱములను తెచ్చు వర్తకులను ఆదరించి దగ్గఱ నుంచుకొనవలెనని ఉపదేశించెను. 1535 ప్రాంతమున విజయనగరమున నివసించిన న్యూనిజ్ అను పోర్చుగీసువాడు మఱికొన్ని సంగతులు వ్రాసియుంచెను. సాళువ నరసింహరాయలు, సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకు తోక తెచ్చి చూపినను బ్రదికిన గుఱ్ఱమునకువలెనే వెల యిచ్చెడివాడట. రాజు ఇచ్చిన గుఱ్ఱములకు ముద్ర వేయబడి యుండెడిదట. గుఱ్ఱము చచ్చినచో ముద్ర యున్న చర్మపు ముక్కను అశ్వశాలాధిపతికి చూపి వేఱొక గుఱ్ఱమును పొందెడివారట. చూచితిరా! అయిదువందల యేండ్లకు పూర్వమే గుర్తు చూపిన హక్కు నిలిచెడిది. గుర్తును అలక్ష్యము చేయుట మన సంప్రదాయమని ఎవరును చెప్పకుందురు గాక. చైత్ర పూర్ణిమకు అళగరుస్వామి వైగైలోనికి దిగునపుడు ఎక్కు బంగారు గుఱ్ఱమునకు పత్రమక్కఱలేదు. లక్షలాది జనులు దానిని గుర్తింతురు. మన తోటలోని గుఱ్ఱమునకు ఆ భాగ్యము లేదు.

ఇంతవఱకు మనవారిని అంటిని. ఇక రెండవ ప్రక్కవారిని అనకున్న పక్షపాత మగును.

పత్రము పోయినదని విన్నపము చేసికొన్నవానిని దొంగవలె చూచువారున్నారు. నాకు తెలిసిన మన కుటుంబీకుడొకడు పిల్లల స్వారికై ఒక ఆడుగుఱ్ఱమును కొనెను. ఇల్లు మాఱునపుడు పెట్టె యొకటి పోయి, అందులోని పాస్‌పోర్టును పోయినది. అమ్మిన లాయమువారిని కనీసము తమ చిట్టాలోని వివరములైనను ఇమ్మని అడిగెను. వారు మొదట మౌనము వహించిరి. పిదప మొదటి యజమాని సంతకము తెమ్మనిరి. ఆయన మరణించెనని తెలిసి వారసుల సంతకములు తెమ్మనిరి. తుదకు మధ్యవర్తి యొకడు వచ్చి, గుఱ్ఱపు వెలలో నాలుగవ వంతు ముట్టజెప్పినచో అన్నియు సులభమగునని సెలవిచ్చెను. ఇది వర్తకమా? నేనును వర్తకుడనే. పత్తి బేలు మీది గుర్తు చెరిగిపోయినచో, పుస్తకము చూచి నంబరు చెప్పుట అమ్మినవాని ధర్మము. దానికి వెల కట్టువానిని మా బజారున మఱునాడు ఎవరును పలుకరింపరు.

కఠినముగా నుండుటకు కారణము లేకపోలేదు. 1844లో ఇంగ్లండు డెర్బీ పందెమున రన్నింగ్ రీన్ అను పేరుతో మొదట వచ్చిన గుఱ్ఱము మూడేండ్లది కాదనియు, మెకబియస్ అను నాలుగేండ్ల గుఱ్ఱమనియు న్యాయస్థానమున తేలినది. 1984లో ఆస్ట్రేలియాలో ఫైన్ కాటన్ అను గుఱ్ఱమునకు బదులుగా మఱియొక గుఱ్ఱమునకు రంగు పూసి పరుగెత్తించిరి. ఒక గుఱ్ఱపు పత్రమును మఱియొక గుఱ్ఱమునకు తగిలించు మోసగాండ్రు ఉందురు గనుక నకలు అడిగినవానిని పరీక్షింపవలసినదే. కాని పరీక్షింపవలసినది గుఱ్ఱమును! చిప్పు చదువు యంత్రము నిమిషములో సంఖ్య చెప్పును. కుదుళ్లతో పెఱికిన జూలు వెండ్రుకలు కొన్ని చాలును, డి.ఎన్.ఏ. వంశమును చెప్పును. సాక్ష్యమును శరీరముననే మోయుచున్న ప్రాణి ఎదుట నిలిచియుండగా చనిపోయినవాని సంతకము కొఱకు వెదకుట యేమి న్యాయము? అమెరికాలో జాకీ క్లబ్బువారు 2018లో పుట్టిన పిల్లలనుండి కాగితమునే మాని ఎలక్ట్రానిక్ పత్రము నిచ్చుచున్నారు. పోవుటకు కాగితమే లేనిచోట నకలు తగవే లేదు.

ఈ విచారణకు ఇదియే సమయము. కౌలు బాకీల వివాదమున 2024 జూన్‌లో ఊటీ పందెపు మైదానమును, అదే సంవత్సరము సెప్టెంబరులో గిండీ మైదానమును స్వాధీనపఱచుకొనుటకు రాష్ట్ర ప్రభుత్వము పూనుకొన్నది. ఆ పిదప వ్యాజ్యములు నడచినవి. వాని న్యాయాన్యాయములతో నాకిచ్చట పని లేదు. మైదానములకు కష్టకాలము వచ్చినపుడు గుఱ్ఱములు చౌకగా, త్వరగా, చేతి కందిన ధరకు చేతులు మాఱుననుట మాత్రము వర్తకము తెలిసిన ప్రతివాడును ఊహింపగలడు. త్వరలో జరిగిన బేరమున మొదట మఱచునది కాగితమే.

మనకు ఈ బాధ క్రొత్తది కాదు. తరతరములుగా కొంగునాటను, పాండ్యనాటను స్థిరపడినను, బడిలో తెలుగు అడిగినపుడెల్ల "మీ మాతృభాష తెలుగనుటకు కాగితమేది?" అను ప్రశ్న విన్నవారము. 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ, 350-బి అధికరణములు భాషాల్పసంఖ్యాకుల కొఱకే వ్రాయబడినను, బడి రిజిస్టరులో ఒక గడి తప్పుగా నిండినచో వానివలన ప్రయోజనము పొందుట ఎంత కష్టమో మన తల్లిదండ్రులెఱుగుదురు. నోటిలో భాష యుండగా కాగితము లేదని త్రోసివేయుట అన్యాయమని మనమందుము. మెడలో చిప్పు ఉండగా పుస్తకము లేదని త్రోసివేయుటయు అట్టిదే. మఱి ఆ కాగితమునే నిర్లక్ష్యముగా పాఱవైచుకొనువారిని ఏమనవలెను?

కావున మనవారికి నా మనవి. పుస్తకము చూడక గుఱ్ఱమును కొనకుడు. పుస్తకములోని సంఖ్యయు చిప్పులోని సంఖ్యయు ఒకటేనని వైద్యునిచే చూపించుకొనుడు. పాస్‌పోర్టు గుఱ్ఱమెవ్వరో చెప్పును గాని యజమాని యెవ్వరో తేల్చదు. కనుక అమ్మకపు రసీదు వేఱుగా వ్రాయించుకొనుడు. రెంటికిని నకళ్లు తీయించి ఇంటిలో నొకటి, వైద్యునియొద్ద నొకటి ఉంచుడు. పోయినచో మూలుగుచు కూర్చుండకుడు. పోలీసులకు తెలిపి రసీదు పొందుడు. నోటరీ ఎదుట ప్రమాణపత్రము వ్రాయుడు. గుఱ్ఱమును ముందు, వెనుక, రెండు ప్రక్కల ఫొటోలు తీయించుడు. వైద్యునిచే చిహ్నములు, సుడులు, చిప్పు సంఖ్య వ్రాయించి, రసీదు నకలుతో పూనాకు విన్నపము పంపుడు. అమ్మినవాడు పలుకకున్నచో ఆ సంగతియు అందు వ్రాయుడు.

మన సంఘమువారికి మఱియొక మనవి. కార్యాలయమున ఒక చిట్టా తెఱచి, సభ్యుల గుఱ్ఱముల చిప్పు సంఖ్యలను, పత్రముల నకళ్లను భద్రపఱచుడు. దానికి కావలసినది ఒక పుస్తకము, ఒక బీరువా. పత్రము లేని గుఱ్ఱమును మన పెండ్లి ఊరేగింపులకు పిలువరాదని తీర్మానము చేయుడు. ఒక్క ముహూర్తకాలము అమలైనచో బాడుగవారే పత్రముల కొఱకు పరుగెత్తుదురు.

ఆ గుఱ్ఱము తన పరుగును పరుగెత్తి ముగించినది. ఇప్పుడు మనము కొంత నడువవలసి యున్నది, పోలీసు స్టేషనువఱకు, తపాలా కచేరీవఱకు. అంతకంటె దూరము లేదు.